తొలి నుంచి తొల్లికి: ఒక పాత ఇంగ్లీషు మాట, హుజూరాబాద్ నేల

2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, తెలంగాణలోని 10 జిల్లాలు 31 జిల్లాలుగా మారినప్పటి నుంచి, హుజూరాబాద్ ప్రాంతం గురించి వెలువడే ఇంగ్లీషు వార్తల్లోనూ నివేదికల్లోనూ ‘ఎర్స్ట్‌వైల్ కరీంనగర్ డిస్ట్రిక్ట్’ అనే పదబంధం తరచుగా కనిపిస్తోంది. విభజనకు ముందున్న కరీంనగర్ జిల్లా అని దాని తాత్పర్యం. ఇందులోని ‘ఎర్స్ట్’ అనే ముక్క వెయ్యేళ్లకు పైబడిన పాత ఇంగ్లీషు మాట. విడిగా వాడటం ఇంగ్లీషువారు ఏనాడో మానేసిన మాట. పుట్టుకను బట్టి చూస్తే అది ఒక అతిశయార్థకం, అంటే ఒక గుణం తక్కిన అన్నిటికంటె మిక్కిలిగా ఉన్నదని తెలిపే రూపం. ‘అన్నిటికంటె ముందటిది’ అనే అర్థంతో పుట్టిన మాట ‘ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనిది’ అనే అర్థానికి ఎలా చేరిందన్నది భాషాశాస్త్రంలో చిన్న ప్రశ్నే కావచ్చు. అయితే ఆ ప్రశ్నను హుజూరాబాద్ నేల మీద నిలిపి అడిగినప్పుడు ఈ ప్రాంతపు పాలనా చరిత్ర, ఊరి పేరు, తెలుగులోని కాలవాచకాలు ఒక్క దారాన గుచ్చినట్టు కలిసివస్తాయి.

పాత ఇంగ్లీషులో ‘ఏర్’ అనే మాటకు ‘పెందలకడ’, ‘ముందుగా’ అని అర్థం. దానికి అతిశయార్థక ప్రత్యయం చేరి ‘ఏరెస్ట్’, అంటే ‘అన్నిటికంటె ముందుగా’, ‘మొట్టమొదట’ అనే రూపం ఏర్పడింది. అదే కాలక్రమంలో కుదించుకుపోయి ‘ఎర్స్ట్’ అయింది. తొందరగా అనే అర్థంలో నేటికీ వాడుకలో ఉన్న ‘ఎర్లీ’, కవిత్వంలో మాత్రమే మిగిలిన ‘ఎయర్’ దీని తోబుట్టువులు. ఈ మాటల మూలధాతువు పగటికీ ప్రాతఃకాలానికీ సంబంధించినదని పండితులు నిర్ణయించారు. పారశీకుల ప్రాచీన భాష అయిన అవెస్తాలో పగలును తెలిపే మాట, గ్రీకులో తెల్లవారుజామును తెలిపే మాట ఆ ధాతువు నుంచే వచ్చాయి. ఆ లెక్కన ‘ఎర్స్ట్’ అనే మాట తన మొదటి రూపంలో తొలికోడి కూసిన వేళకు దగ్గరి బంధువు. 14వ శతాబ్ది కవి చాసర్ నాటికి ‘మొదట’ అనే అర్థమూ ‘ఇంతకుముందు’ అనే అర్థమూ ఈ మాటలో పక్కపక్కనే ఉండేవి. 16వ శతాబ్ది చివర ప్రాచీన పదాల మీద మమకారంతో కావ్యాలు రాసిన స్పెన్సర్, ఆయన తరువాత షేక్‌స్పియర్, మిల్టన్ దీనిని ‘పూర్వం’ అనే అర్థంలో వాడారు. 16వ శతాబ్ది ద్వితీయార్ధంలోనే, కాలాన్ని తెలిపే ‘వైల్’ అనే మాట దీనికి తోడై, ‘ఒకానొక పూర్వకాలంలో’ అనే అర్థంలో ‘ఎర్స్ట్‌వైల్’ అనే క్రియావిశేషణం పుట్టింది. అది నామవాచకానికి ముందు విశేషణంగా నిలిచి ‘పూర్వపు’ అనే అర్థాన్ని ఇవ్వడం 20వ శతాబ్ది మొదటి సంవత్సరాల్లో మొదలైన వాడుక.

‘మొదటిది’ అనే స్థానాన్ని ఈ మాట ఎందుకు పోగొట్టుకున్నదో తెలియాలంటే దానికి పోటీగా నిలిచిన మరో అతిశయార్థకాన్ని చూడాలి. ఇంగ్లీషులో మొదటి సంఖ్యను తెలిపే ‘ఫస్ట్’ కూడా పుట్టుకతో అతిశయార్థకమే. ముందు భాగాన్ని తెలిపే ‘ఫోర్’ అనే మాటకు ‘అన్నిటికంటె’ అనే ప్రత్యయం చేరగా వచ్చిన రూపం అది. ఒకే పనికి ఇద్దరు పనివారు ఉన్నప్పుడు భాష ఒకరిని ఆ పనిలోనే ఉంచి, రెండవవారికి వేరే పని చూపిస్తుంది. ఇంగ్లీషులో ‘ఫస్ట్’ సంఖ్యగా స్థిరపడింది, ‘ఎర్స్ట్’ గతంలోకి జరిగింది. దీనికి సోదరభాష అయిన జర్మనులో ఈ పంపకం తలకిందులుగా జరిగింది. అక్కడ ‘ఎర్స్ట్’ మొదటి సంఖ్యగా నిలిచిపోగా, ‘ఫస్ట్’కు సమానమైన ‘ఫ్యూర్స్ట్’ అనే మాట ‘అందరికంటె ముందు నిలిచేవాడు’ అనే అర్థం నుంచి ‘రాజు’, ‘ప్రభువు’ అనే అర్థానికి ఎదిగింది. ఫారసీలో ముందు భాగాన్ని తెలిపే ‘పేష్’ నుంచి నాయకుణ్ని తెలిపే ‘పేష్వా’ వచ్చిన తీరు సరిగ్గా ఇలాంటిదే. ఇంగ్లీషులో ‘మాజీ’ అనే అర్థాన్నిచ్చే ‘ఫార్మర్’ అనే మాట చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. ‘మొట్టమొదటి’ అనే అర్థమున్న ‘ఫోర్మ’ అనే పాత అతిశయార్థకానికి మరొక ప్రత్యయం అతికించగా వచ్చినది అది. ఇంగ్లీషులో గడిచిపోయినదానిని సూచించే రెండు ప్రధానమైన మాటలూ, అంటే ‘ఎర్స్ట్‌వైల్’, ‘ఫార్మర్’, ఒకప్పుడు ప్రథమస్థానాన్ని సూచించిన మాటల సంతానమే.

ఈ ‘ఎస్ట్’ ప్రత్యయం తెలుగు పాఠకులకు పరాయిది కాదు. సంస్కృతంలో అతిశయాన్ని తెలపడానికి పాణిని చెప్పిన రెండు ప్రత్యయాల్లో ఒకటి ‘తమప్’, రెండవది ‘ఇష్ఠన్’. మొదటిదాని వల్ల ఉత్తమం, ప్రియతమం వంటి రూపాలు, రెండవదాని వల్ల శ్రేష్ఠం, జ్యేష్ఠం, కనిష్ఠం, గరిష్ఠం, వరిష్ఠం వంటి రూపాలు ఏర్పడతాయి. ఈ ‘ఇష్ఠ’, గ్రీకులోని ‘ఇస్తోస్’, ఇంగ్లీషులోని ‘ఎస్ట్’ ఒకే మూలభాష నుంచి చీలివచ్చిన రూపాలని తులనాత్మక భాషాశాస్త్రం నిరూపించింది. వేసవిలో వాతావరణ వార్తల్లో వినిపించే ‘గరిష్ఠ ఉష్ణోగ్రత’, మృగశిర కార్తెతో ఉత్తర తెలంగాణ రైతు ఆకాశం వైపు చూసే జ్యేష్ఠమాసం, ఈ రెండింటిలోని చివరి అక్షరాలూ ‘ఎర్స్ట్’లోని చివరి అక్షరాలూ ఒకే కుదురువి. తెలుగుకు తనదైన అతిశయార్థక ప్రత్యయం లేదు. ‘అన్నిటికంటె’, ‘అందరిలోకి’, ‘మిక్కిలి’ అనే మాటలతో ఆ అర్థాన్ని సాధించుకుంటుంది. అందువల్లనే సంస్కృత రూపాలు తెలుగులోకి వచ్చినప్పుడు వాటి వెనుక ఉన్న పోలిక మరుగునపడి, అవి విడి మాటలుగా స్థిరపడ్డాయి. ‘ప్రథమ’ అనే మాట కూడా ‘ప్ర’ అనే ఉపసర్గకు అతిశయార్థక ప్రత్యయం చేరగా పుట్టినదేనన్న సంగతి ఈ కారణంచేతనే సాధారణంగా స్ఫురించదు.

మొదటిదాన్ని చెప్పే మాట గడిచినదాన్ని చెప్పే మాటగా మారడం ఇంగ్లీషుకు మాత్రమే కలిగిన అనుభవం కాదు. సంస్కృతంలో ‘పూర్వ’ శబ్దానికి ‘ముందున్నది’, ‘మొదటిది’ అనే అర్థాలతోపాటు ‘గడిచినది’ అనే అర్థమూ ఉంది. ఉదయించే సూర్యునికి ఎదురుగా నిలబడినవారికి ముందున్న దిక్కు కనుక తూర్పుకూ అదే పేరు వచ్చింది. ఇంతకంటె చక్కని సాక్ష్యం అచ్చతెలుగులోనే ఉంది. ‘తొలి’ అంటే మొదటిది. ‘తొల్లి’ అంటే పూర్వం. ఒకే ధాతువు నుంచి వచ్చిన ఈ రెండు మాటల మధ్య తేడా ఒక్క ద్విత్వాక్షరమే. తొలకరి, తొలిచూలు, తొలి ఏకాదశి అనే మాటల్లో ఆ ధాతువు ఆరంభాన్ని చెబుతుంది. పురాణకథను ఎత్తుకునే ప్రాచీన కవుల పద్యాల్లో ‘తొల్లి’ అన్నప్పుడు అదే ధాతువు గతాన్ని చెబుతుంది. తమిళంలో ఈ ధాతువు ప్రాచీనత అనే అర్థంవైపే మొగ్గింది. ఆ భాషలోని అతిప్రాచీన వ్యాకరణ గ్రంథం ‘తొల్కాప్పియం’ పేరులో మొదట ఉన్నది అదే. ‘ఎర్స్ట్’ అనే పాత ఇంగ్లీషు మాటకు తెలుగులో సరితూగే మాట ఏదని అడిగితే, అర్థంలోనే కాక అర్థం నడిచిన దారిలో కూడా సరిపోయేది ‘తొల్లి’ ఒక్కటే. వాడుక నుంచి తొలగి గ్రంథాలకు పరిమితం కావడంలోనూ ఆ రెండు మాటలదీ ఒకే గతి.

ఈ మార్పుకు కారణం మనుషులు కాలాన్ని ఊహించుకునే తీరులో ఉంది. ఒక వరుసలో అన్నిటికంటె ముందు వచ్చినది, ఆ వరుస పెరిగేకొద్దీ, ప్రస్తుతం నిలబడినవారికి అన్నిటికంటె దూరమవుతుంది. అందుచేత ఆరంభాన్ని చెప్పే మాట దూరాన్నీ, దూరాన్ని చెప్పే మాట పోయినదాన్నీ సూచించడం సహజం. తెలుగులో ‘ముందు’ అనే మాట ‘మూడేళ్ల ముందు’ అన్నప్పుడు గతాన్నీ, ‘ముందుముందు’ అన్నప్పుడు భవిష్యత్తునూ చెప్పగలగడం ఇందువల్లనే. హుజూరాబాద్, జమ్మికుంట ప్రాంతాల పలుకుబడిలో గతాన్ని చెప్పే మాట ‘ఎనుకట’. గడిచిన కాలం వెన్ను వెనుక ఉన్నదని భావించే ఈ ఊహ, ‘తొల్లి’ వెనుక ఉన్న ఊహకు పూర్తిగా వేరైనది. గ్రంథభాష గతాన్ని ఆరంభంగా చూస్తే, ఊరి భాష గతాన్ని నడిచివచ్చిన బాటగా చూస్తుంది.

హుజూరాబాద్ అనే పేరులో కాలానికి సంబంధించిన మరొక మాట దాగి ఉంది. అరబ్బీలో ‘హుజూర్’ అంటే సన్నిధి, ఎదుట ఉండటం. అధికారి ఎదుట నిలబడి పలికే గౌరవవాచకంగా అది ఫారసీ ద్వారా ఉర్దూలోకి వచ్చింది. ‘ఆబాద్’ అనే ఫారసీ మాటకు జనం నివసించే, పచ్చగా వర్ధిల్లే చోటు అని అర్థం. ‘హుజూర్’ పుట్టిన ధాతువు నుంచే తెలుగువారు బడిలోనూ కచేరీలోనూ వాడే ‘హాజరు’, పదిమంది సమక్షంలో రాసుకునే పత్రాన్ని తెలిపే ‘మహజరు’, పూజ్యులకు పెట్టే ‘హజ్రత్’ అనే బిరుదు వచ్చాయి. కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు కలెక్టరు కార్యాలయాన్ని హుజూరు కచేరీ అనడం కూడా ఈ అర్థంతోనే. హుజూర్ అనే మాటలోని ‘జ’కారం, గతించినదాన్ని తెలిపే ‘మాజీ’ అనే మాటలోని ‘జ’కారం అరబ్బీ లిపిలో ఒకే అక్షరం, అరబ్బీలో ఒక ప్రత్యేకమైన ‘ద’కారంగా పలికే ఆ అక్షరం ఫారసీ నోట ‘జ’కు దగ్గరి ధ్వనిగా మారి తెలుగుదాకా వచ్చింది. సమక్షాన్ని చెప్పే మాట ఊరి పేరుగా ఉన్నచోట, ఆ ఊరు చెందిన జిల్లాను గతించినదిగా చెప్పవలసిరావడం ఈ ప్రాంత చరిత్రలో గమనించదగిన సంగతి.

అరబ్బీలోనూ అతిశయార్థకం ఉంది. ఆ భాషలో అది చివర చేరే ప్రత్యయంతో కాక ధాతువును ఒక ప్రత్యేకమైన మూసలో పోయడంతో ఏర్పడుతుంది. గొప్పవాడిని తెలిపే ‘కబీర్’ నుంచి అందరికంటె గొప్పవాడిని తెలిపే ‘అక్బర్’ వచ్చినట్టే, ఔన్నత్యాన్ని తెలిపే ధాతువు నుంచి ‘అత్యున్నతం’ అనే అర్థంలో ‘ఆలా’ వచ్చింది. హైదరాబాద్ సంస్థానాన్ని 1911 నుంచి పాలించిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను ఉర్దూలో ‘ఆలా హజ్రత్’ అని వ్యవహరించేవారు. ‘అత్యున్నతమైన సన్నిధి’ అని దాని అర్థం. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సహాయానికి గుర్తింపుగా 1918లో బ్రిటిష్ చక్రవర్తి ఆయనకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ అనే బిరుదును ఇచ్చాడు. ఇతర సంస్థానాధీశులెవ్వరికీ అటువంటి బిరుదు లేదు. ఇక ‘మొదటి’ అనే అర్థంలో అరబ్బీ వాడే ‘అవ్వల్’ కూడా రూపాన్ని బట్టి అతిశయార్థకమే. నిజాం దివాను సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ పేరుతో సంస్థానాన్ని జిల్లాలుగా విభజించి పాలనను క్రమబద్ధం చేశాక, జిల్లాకు పెద్దగా ఉండే అధికారిని ‘అవ్వల్ తాలూక్‌దార్’, అంటే మొదటి తాలూక్‌దార్ అనేవారు. ఆయన కింద దోయం, సోయం, అంటే రెండవ, మూడవ తాలూక్‌దార్లు ఉండేవారు. నేటి కలెక్టరుకు సమానమైన ఆ పదవి పేరు ఇప్పుడు చరిత్ర పుస్తకాల్లోనే ఉంది. తెలంగాణ జనం నోట మాత్రం మేలైనదాన్ని మెచ్చుకోవడానికి వాడే ‘అవ్వల్ దర్జా’ అనే మాటలో ఆ అతిశయం నేటికీ సజీవంగా ఉంది. ‘ఎర్స్ట్’ అనే మాట ఇంగ్లీషులో ఏ దారిన నడిచిందో, ‘అవ్వల్ తాలూక్‌దార్’ అనే పదవి ఈ నేల మీద అదే దారిన నడిచింది.

జిల్లా పేరు కూడా పొరలు పొరలుగా మారింది. మానేరు ఒడ్డున కోట ఉన్న ఎలగందుల ఈ ప్రాంతానికి చాలాకాలం పాలనాకేంద్రం. జిల్లాకు కూడా ఆ ఊరి పేరే ఉండేది. 1905 నాటి పునర్వ్యవస్థీకరణతో కేంద్రం కరీంనగర్‌కు మారి, జిల్లా ఆ పేరుతో స్థిరపడింది; వరంగల్, ఆదిలాబాద్ జిల్లాలతో కలిసి అది వరంగల్ సుబా, అంటే కొన్ని జిల్లాల సముదాయమైన పెద్ద పాలనా విభాగంలో చేరింది. అంటే నేడు ‘పూర్వపు’ అనిపించుకుంటున్న కరీంనగర్ జిల్లా, తానే ఒక పూర్వపు జిల్లాకు వారసురాలు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1950 జనవరి 26 నుంచి నిజాం రాజప్రముఖ్‌గా, అంటే రాష్ట్రానికి రాజ్యాంగబద్ధ అధిపతిగా కొనసాగాడు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు భాషాప్రాంతాలుగా విడిపోయి, మరాఠీ జిల్లాలు బొంబాయిలోనూ కన్నడ జిల్లాలు మైసూరులోనూ తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ చేరాయి. 1971లో రాజ్యాంగానికి చేసిన 26వ సవరణ సంస్థానాధీశుల గుర్తింపునూ రాజభరణాలనూ రద్దుచేసింది. పూర్వపు సంస్థానం, పూర్వపు పాలకులు అని చెప్పవలసిన అవసరం పెరిగిన ఈ దశాబ్దాల్లోనే ‘ఎర్స్ట్‌వైల్’ అనే మాట భారతీయ ఇంగ్లీషులో బలంగా వేళ్లూనుకుంది.

1985లో తాలూకాలు రద్దయి మండలాలు వచ్చినప్పుడు హుజూరాబాద్ తాలూకా గతంలో కలిసింది. 2014లో పార్లమెంటు చేసిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, విభజనకు ముందటి రాష్ట్రాన్ని ‘ఇప్పుడున్న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం’ అనే అర్థమిచ్చే మాటలతో నిర్వచించింది. ఆ ‘ఇప్పుడున్న’ రాష్ట్రం అదే సంవత్సరం జూన్ 2న ‘ఎర్స్ట్‌వైల్’ రాష్ట్రం అయింది. 2016లో కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడగా, హుజూరాబాద్ కొత్త రెవెన్యూ డివిజన్ కేంద్రమై కరీంనగర్ జిల్లాలోనే నిలిచింది. హుస్నాబాద్, కోహెడ, బెజ్జంకి మండలాలు సిద్దిపేట జిల్లాకూ, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు వరంగల్ అర్బన్ జిల్లాకూ వెళ్లాయి; మంథని వైపు గోదావరి తీర మండలాలు కొన్ని జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరాయి. వరంగల్ అర్బన్ 2021లో హనుమకొండ జిల్లాగా పేరు మార్చుకుంది. మాజీ ప్రధాని పి.వి.నరసింహారావు ఊరైన వంగర భీమదేవరపల్లి మండలంలోనిది కనుక, పాత పుస్తకాల్లో ‘కరీంనగర్ జిల్లా వంగర’ అని చదివిన పాఠకునికి నేటి పటంలో అది హనుమకొండ జిల్లాలో కనిపిస్తుంది. ‘పూర్వపు’ అనే విశేషణం ఒకటి లేకపోతే చరిత్రా పటమూ పరస్పరం పొసగవు.

అయినప్పటికీ ఆ పూర్వపు జిల్లా పూర్తిగా గతంలోకి జారిపోలేదు. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజన పాత జిల్లా సరిహద్దులను ఆధారం చేసుకుని, ఆ జిల్లాలో 13 శాసనసభ స్థానాలను ఏర్పరచింది. జిల్లాలు మారినా ఆ స్థానాల హద్దులు మారలేదు. అందువల్ల హుజూరాబాద్ నియోజకవర్గంలో హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక, ఇల్లందకుంట మండలాలు కరీంనగర్ జిల్లావి కాగా, కమలాపూర్ మండలం హనుమకొండ జిల్లాది. శాసనమండలిలో పట్టభద్రుల స్థానం నేటికీ మెదక్, నిజామాబాద్, ఆదిలాబాద్, కరీంనగర్ అనే నాలుగు పాత జిల్లాల పేర్లనే మోస్తోంది. కరీంనగర్ జిల్లా సహకార కేంద్ర బ్యాంకు కొత్త హద్దులు దాటి పాత జిల్లా రైతులకు సేవలందిస్తోంది. పటం మీద చెరిగిపోయిన గీత ఓటులోనూ అప్పు ఖాతాలోనూ నిలిచి ఉండగా, అటువంటి గీతను ‘గతించినది’ అని మాత్రమే చెప్పే మాట సత్యాన్ని సగమే చెప్పినట్టవుతుంది.

ఈ లోటును తెలుగు తనదైన పద్ధతిలో తీర్చుకుంది. ఇంగ్లీషులో ఒక్క ‘ఎర్స్ట్‌వైల్’ మనుషులకూ రాజ్యాలకూ జిల్లాలకూ సరిపోతుంటే, తెలుగు వాడుక ఆ పనిని పంచిపెట్టింది: పదవి దిగిన మనిషి ‘మాజీ’, అంతరించిన రాజ్యం ‘పూర్వపు సంస్థానం’, విడిపోయిన జిల్లా ‘ఉమ్మడి జిల్లా’. వీటిలో ‘ఉమ్మడి’ కాలవాచకమే కాదు; అది కుటుంబానికి సంబంధించిన మాట. అన్నదమ్ములు వేరుపడక ముందు కలిసి అనుభవించిన ఆస్తిని, ఒకే పొయ్యి మీద వండుకున్న సంసారాన్ని తెలిపే మాటను పత్రికలూ ప్రజలూ జిల్లాకు అన్వయించినప్పుడు, ఆ జిల్లా పోయిందని చెప్పడానికి బదులు, విడిపోయినవారంతా ఒకప్పుడు ఒక ఇంటివారని చెప్పారు. ధర్మశాస్త్రాల్లో ఉమ్మడి ఆస్తిని పంచేటప్పుడు పెద్దకొడుక్కి అదనంగా ఇచ్చే వాటాను జ్యేష్ఠభాగం అనేవారు. 2016 నాటి పంపకంలో కరీంనగర్ అనే పేరు హుజూరాబాద్ ఉన్న వాటాకే దక్కడం అటువంటి జ్యేష్ఠభాగంగానే కనిపిస్తుంది. ‘ఎర్స్ట్’లోనూ ‘జ్యేష్ఠ’లోనూ ఉన్న ఆ ఒక్క ప్రాచీన ప్రత్యయం ఇక్కడ తన మొదటి అర్థానికి, అందరికంటె ముందు పుట్టినదానికి దక్కే గౌరవానికి, మళ్లీ చేరువైంది.

ఒక ప్రాంతపు చరిత్రను రాసేటప్పుడు గడిచిన ప్రతి దశకూ ఒకే విశేషణాన్ని తగిలించడం సులభమే కాని, ఆ దశల మధ్య ఉన్న తేడాను అది చెరిపివేస్తుంది. కోట మిగిలి పాలన తరలిపోయిన ఊరు వేరు, పాలకుడితోపాటు అంతరించిన రాజ్యం వేరు, విడిపోయి కూడా ఓటులోనూ బ్యాంకులోనూ కలిసి ఉన్న జిల్లా వేరు. తెలుగులో వీటికి వేరువేరు మాటలు సిద్ధంగా ఉన్నందువల్ల, ఇంగ్లీషు పత్రంలోని ‘ఎర్స్ట్‌వైల్’ను అనువదించవలసి వచ్చిన ప్రతిసారీ, ఆ పత్రం దేని గురించి మాట్లాడుతున్నదో చూసి మాటను ఎంచుకోవడం రచయితల విధి. తొల్లిటి ఎలగందుల, పూర్వపు హైదరాబాద్ సంస్థానం, ఉమ్మడి కరీంనగర్ జిల్లా అని రాసినప్పుడు హుజూరాబాద్ గతంలోని మూడు దశలూ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా, ప్రతిదీ తన పేరు పిలవగానే హాజరు పలుకుతుంది.